మా కొండ కథలు టూరిస్టులకు ఎంతవరకు చెప్పొచ్చు? ఊళ్లో మాట తేలడం లేదు

మన్యం_కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు వైపు ఒక చిన్న ఊరు. పేరు రాయట్లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. డెబ్బై గడపలు ఉంటాయి, ఎక్కువమంది భగత తెగవాళ్లు, కొన్ని కొండదొర తెగ ఇళ్లు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు విశాఖలో పనిచేసి వెనక్కి వచ్చేశాను, ఇప్పుడు ఇంటి దగ్గర కాఫీ, మిరియాలు చూసుకుంటున్నాను.

వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి జనం ఎగబడటం మొదలయ్యాక ఆ రద్దీ మెల్లగా చుట్టుపక్కల కొండలకీ పాకింది. మా ఊరి పైన కూడా అలాంటి గట్టు ఒకటి ఉంది. మూడు శీతాకాలాల నుంచి, నవంబరు వచ్చిందంటే శనివారం రాత్రి మూడింటికి కార్లూ బైకులూ మా వీధిలోంచే పైకి వెళ్తున్నాయి. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, కుక్కలు తెల్లారే దాకా మొరుగుతూనే ఉంటాయి. ఎనిమిదింటికి అందరూ దిగిపోతారు. మాకు మిగిలేవి నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, ఊటగెడ్డ (వాగు) పక్కన మలం. చెప్పడానికి బాగోదు గానీ ఉన్నమాట అదే. ఊరికి వచ్చే డబ్బంటారా, నాలుగు కుటుంబాలు టీ, బొంగు చికెన్ అమ్ముకుంటున్నాయి, అంతే.

ఇప్పుడు కింద నుంచి ఒకాయన వచ్చాడు. గట్టు పక్కన అయిదెకరాలు లీజుకి ఇవ్వండి, టెంట్లు వేస్తాం, ఊరివాళ్లనే పనిలో పెట్టుకుంటాం, రోజూ రాత్రి మంట దగ్గర థింసా ఆడండి, ఆడిన ఆడవాళ్లకి చేతిలో డబ్బు పెడతాం అంటున్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది అదే. గట్టు వెనకాల మా జాకర దేవత ఉండే చోటు ఉంది. గుడి లేదు, చెట్లూ రాళ్లే. ఆ దేవత కథని బోర్డు మీద రాయించి, అక్కడి దాకా సిమెంటు మెట్లు వేసి, 'మిస్టరీ ట్రెక్' అని పెడదాం అంటాడు. మా మామ్మ చెప్తుంటే వీడియో తీస్తానని ఫోన్ ఎత్తాడు. ఆమె ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ కథ ఎప్పుడు పడితే అప్పుడు చెప్పేది కాదు. చైత్రంలో ఇటుకల పండుగకి, ముహూర్తాలు పెట్టే మా దిసరి మంచి రోజు చూసి చెప్పాక, విత్తనాలు దేవత ముందు పెట్టిన రాత్రి, చెప్పాల్సినవాళ్లే చెప్తారు. అందుకే ఇక్కడ కూడా రాయను, ఏమనుకోకండి.

ఊళ్లో కుర్రాళ్లు చాలామంది ఒప్పుకుందాం అంటున్నారు, పెద్దవాళ్లు వద్దంటున్నారు, కొందరు పెద్దవాళ్లు మాత్రం డబ్బు అవసరం ఉండి మాట్లాడకుండా ఉన్నారు. నాకు టూరిజం వద్దని లేదు. మా చెల్లి నర్సింగ్ ఫీజుకి కాఫీ డబ్బు చాలడం లేదు, రోడ్డు మంచిదయితే 108 బండి ఇంటి ముందుకి వస్తుంది. కానీ కథలూ పండుగలూ అమ్మకానికి పెట్టాక అవి మనవిగా ఉంటాయా అన్నదే నా భయం. వేరే చోట్ల ఇది ఎలా జరిగిందో చూసినవాళ్లు, భూమి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే వారం ఊరంతా కూర్చుంటున్నాం, ఈలోపు నేను ఏదో ఒకటి తెలుసుకుని వెళ్లాలి.


మాస్టారు_నర్సీపట్నం:

తమ్ముడూ, నేను చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు మండలాల్లో కలిపి ఇరవై రెండేళ్లు బడిలో పనిచేశాను. మీ మామ్మ లేచి వెళ్లిపోయిందని చదివి కాసేపు ఆగిపోయాను. నీ ప్రశ్నకి సగం జవాబు ఆమె అప్పుడే చెప్పేసింది.

నాకు అర్థమైనంతలో మన్యంలో కథలన్నీ ఒక జాతివి కావు. కొన్ని దారినపోయేవాళ్లకి చెప్పడానికే పుట్టినవి. బొర్రా గుహల కథే తీసుకో. ఆవు మేస్తూ మేస్తూ కొండ మీది కన్నంలోంచి లోపలికి పడిపోయింది, కాపరి వెతుక్కుంటూ దిగితే లోపల శివలింగం లాంటి రాయి కనిపించింది, ఆవుని కాపాడింది ఈయనే అని చిన్న గుడి కట్టుకున్నారు. లింగం పైన ఆవు ఆకారంలో రాయి ఉంది, దాని పొదుగు నుంచి కారే నీరే గోస్తని నది అంటారు. గోస్తని అంటేనే ఆవు పొదుగు. ఒడియాలో బొర్ర అంటే కన్నం. సున్నపురాయిని నీరు కరిగించుకుంటూ పోయి గుహ చేసిందని సైన్సు పాఠం చెప్పేటప్పుడు నేను ముందు ఈ ఆవు కథే చెప్పేవాడిని. పిల్లలకి రెండూ గుర్తుండేవి. ఇలాంటి కథ ఎంతమందికి చెప్పినా అరగదు.

అలాగే లంబసింగి. ఆంధ్రా కశ్మీర్ అని వేరేవాళ్లు పెట్టిన పేరుని మనమే మోస్తున్నాం గానీ, అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని. ఒక్క మాటలో చలి ఎంతుందో, అక్కడ మనుషులు ఎలా బతికారో రెండూ ఉన్నాయి. ఆ పేరుతో ఒక బోర్డు పెడితే నేను సంతోషిస్తాను. హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది, గెడ్డలో చేపలు గుంపులుగా తిరుగుతాయి, ఎవరూ పట్టరు, దేవుడి చేపలు అని మరమరాలు వేస్తారు, శివరాత్రికి జాతర. పాములకీ చేపలకీ జరిగిన యుద్ధం కథ చెప్తారు అక్కడ. ఆ కథ వల్లే అక్కడి చేపలు ఇన్నేళ్లూ బతికాయని నా నమ్మకం. అది కూడా అందరికీ చెప్పే కథే.

మీ జాకర దేవత కథ అలాంటిది కాదు. అది విత్తనానికి సంబంధించింది. కాలం, చోటు, చెప్పే మనిషి, వినే మనుషులు, ఇవన్నీ కలిస్తేనే ఆ కథ. బోర్డు మీద పెడితే మాటలు ఉంటాయి గానీ ఆ రాత్రి ఉండదు. నేను అన్నేళ్లు ఉండి కూడా పండుగ రాత్రి ఒక హద్దు దాటి వెళ్లలేదు. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, కానీ వెళ్లకూడదని తెలుసు.

థింసా గురించి కూడా ఒక మాట. బయటివాళ్లకి థింసా అంటే ఒకటే, ఆడవాళ్లు నడుములు పట్టుకుని వరసగా తిరగడం. మీకు తెలుసు, అందులో ఎన్ని రకాలో. బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. పొత్తర్ తోల థింసా ఆకులు ఏరుకోవడం చూపించేది, బాగ్ థింసా పులి వస్తే ఎలా తప్పించుకోవాలో చెప్పేది, కుంద థింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు, బాయా థింసా పూనకం వచ్చినప్పటిది. ఊరు కూర్చున్నప్పుడు ఈ లెక్క తీయండి. పొత్తర్ తోల, బాగ్ థింసా అతిథుల ముందు ఆడితే తప్పేముంది? పిల్లలు కూడా నేర్చుకుంటారు. బోడ, బాయా మాత్రం మంట దగ్గర తాగి కూర్చున్నవాళ్ల ముందు ఆడకూడదు. రోజూ రాత్రి అన్నాడు చూడు, అదే అసలు సమస్య. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండు ఏరే పని ఉంటుంది, పగలంతా వాలులో నిలబడి పండ్లు ఏరిన ఆడమనిషిని రాత్రి పది దాకా ఆడమంటే ఎలా? టూరిస్టు సీజనూ కాఫీ సీజనూ ఒకటే అన్న సంగతి పైనుంచి ప్లాన్లు గీసేవాళ్లకి తట్టదు.

చెప్పుకోదగ్గవి మనకి తక్కువా? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు స్టేషన్ల మీద సీతారామరాజు దళం పడి తుపాకులు తీసుకుపోయింది. రాజు పేరు అందరికీ తెలుసు, ఆయన వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లు ఎంతమందికి తెలుసు? బ్రిటిష్ అధికారులు రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టి కొరడాలతో కొట్టించిన సంగతి, కొండల మీద పోడు సాగు ఆపేసిన సంగతి ఎంతమందికి తెలుసు? ఆ దారిలో నడిపించి ఇవి చెప్పగలిగే కుర్రాళ్లు కావాలి. నీలాంటివాళ్లు.

ఇంకొకటి, ఇది నా అనుభవం. మా బడిలో పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుకుని గేటు దాటగానే సిగ్గుపడి ఆపేసేవాళ్లు. ఒకసారి విశాఖ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ఒక ముసలావిడ దగ్గర రెండు గంటలు కూర్చుని ఆమె మాటల్లో మొక్కల పేర్లు రాసుకున్నారు. మర్నాడు ఆమె మనవడు క్లాసులో లేచి ఆ పేర్లన్నీ గట్టిగా చెప్పాడు. టూరిజం వల్ల ఇలాంటిది కూడా జరగొచ్చు, అందుకే పూర్తిగా తలుపు వేసేయమని నేను చెప్పను.


లా_పాయింటు:

కథల సంగతి మాస్టారు చెప్పారు, నేను భూమి గురించే రాస్తాను. జాగ్రత్తగా చదువు తమ్ముడూ.

మీది షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ఏజెన్సీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని సవరించిన 1970 నాటి చట్టం, మీ ఊళ్లో అందరూ 1/70 అనేది ఇదే. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనులకో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప వేరేవాళ్లకి బదలాయించడం చెల్లదు. చాలామంది 'అమ్మకూడదు అంతే కదా, లీజు పర్లేదు' అనుకుంటారు. తప్పు. బదలాయింపు అన్న మాటలో అమ్మకం, తాకట్టు, బహుమతి, మార్పిడితో పాటు లీజు కూడా ఉంది. కాబట్టి ఆయన గిరిజనుడు కాకపోతే అయిదెకరాల లీజు కాగితం ఎంత ముచ్చటగా టైపు చేయించినా చెల్లదు. మీ ఊరివాడి పేరు మీదో పక్క ఊరి గిరిజనుడి పేరు మీదో పెట్టి వెనకాల తాను నడిపిస్తానంటే అది బినామీ, అదీ చెల్లదు. 'మేనేజ్‌మెంట్ అగ్రిమెంటు' లాంటి కొత్త పేర్లతో వస్తే సంతకం పెట్టకుండా చదివించుకోండి. ఇప్పటికే ఎవరైనా వేలిముద్ర వేసి ఉంటే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర కేసు వేయొచ్చు.

ఈ చట్టం మీ పక్క కొండల్లోనే పదునెక్కింది. అనంతగిరి మండలంలో మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకి వెళ్తే 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదంది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం చదువు, వైద్యం, రోడ్లు, నీళ్ల కోసం పక్కన పెట్టాలని కూడా అదే తీర్పులో ఉంది. అది గనుల సందర్భంలో వచ్చిన మాట. కానీ ఊళ్లో బేరం మాట్లాడేటప్పుడు 'మా వాటా ఎంత' అని అడగడానికి అంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు.

రెండోది పీసా చట్టం, 1996, అంటే షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం. మన రాష్ట్రంలో దాని రూల్సు 2011లో వచ్చాయి. ఆచారాలు, సాంస్కృతిక గుర్తింపు, ఉమ్మడి వనరులు కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే జాకర దేవత చోటు మీద మెట్లు వద్దని మీ గ్రామసభ తీర్మానం రాస్తే అది ఊరి పెద్దల చాదస్తం కాదు, చట్టం ఇచ్చిన హక్కుని వాడుకోవడం. తీర్మానం తెలుగులో, తేదీతో, అందరి సంతకాలతో రాయించి ఒక కాపీ ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ) ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ చోటు అటవీ భూమిలో ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పత్రానికి అర్జీ పెట్టండి, ఇంకా పెట్టకపోతే.

టెంట్లు మీరే వేసుకుంటే, గదులు మీ ఇళ్లలోనే ఇస్తే, 1/70 అడ్డు రాదు.


అరకు_జీపు:

నేను పదమూడేళ్లుగా అరకులో జీపు నడుపుతున్నాను, మాది వాల్మీకి తెగ కుటుంబం. మాస్టారు చెప్పిందానికి చేతులెత్తి దణ్ణం పెడతాను గానీ కొంచెం కడుపు సంగతి కూడా మాట్లాడదాం.

అరకులో ఏం జరుగుతుందో చూడు. పొద్దున్న విశాఖలో కిరండూల్ రైలు ఎక్కుతారు, అద్దాల పెట్టె ఉంది కదా, 2017 నుంచి. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు అరుస్తారు, శిమిలిగుడ స్టేషన్ దగ్గర అందరూ ఫోటో. ఆ లైన్ అసలు వేసింది బైలదిల్లా ఇనుప రాయిని ఓడరేవుకి దింపడానికి, మనుషులు చూడటానికి కాదు. అయినా ఇప్పుడు దాని మీదే మా కుటుంబాలు తింటున్నాయి. దిగాక గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, బొర్రా, సాయంత్రానికి బస్సో కారో ఎక్కి కిందికి. రాత్రి ఉండేవాళ్లు ఎక్కువగా పెద్ద హోటళ్లలో ఉంటారు. ఇంత జనం వచ్చినా పల్లెలోకి దిగే డబ్బు చాలా తక్కువ తమ్ముడూ. జీపు కిరాయి, బొంగు చికెన్, కాఫీ పొడి, వలిసె పూల తోటలో ఫోటోకి ఇచ్చే ఇరవై ముప్ఫై రూపాయలు.

ఆ వలిసె పూల సంగతే చెప్తాను. నూనె గింజ కోసం వేసిన పంట అది. పసుపు పచ్చగా విరగబూసేసరికి జనం లోపలికి దూరి తొక్కేసేవాళ్లు. మావాళ్లు మొదట అరిచారు, తర్వాత చుట్టూ కర్రలు పాతి మధ్యలో చిన్న దారి వదిలి మనిషికింత అని తీసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పంటా మిగులుతోంది, నాలుగు రూపాయలూ వస్తున్నాయి. నీ గట్టుకీ అదే పని చేయండి. ఊరి మొదట్లోనే తాడు కట్టండి, కార్లు అక్కడే ఆపి పైకి నడిపించండి, లేదా ఊరి జీపుల్లోనే ఎక్కించండి. ఇటుకల పండుగకి మన ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, ఆడి పాడి డబ్బులు ఇస్తేనే బండిని వదులుతారు కదా. దారి మనది, దాటాలంటే అడగాలి అన్నది మనకి కొత్త కాదు.

అన్నిటికంటే ముందు మరుగుదొడ్లు. నిజంగా చెప్తున్నాను, కథల కంటే ముందు అదే. ఆరు కట్టండి, మూడు ఆడవాళ్లకి. మా బండి ఎక్కే ఆడవాళ్లు మొదట అడిగేది అదే, లేదంటే నీళ్లు కూడా తాగకుండా కూర్చుంటారు, చూస్తే బాధేస్తుంది. గెడ్డ పక్కన మలం అన్నావు, ఆ నీళ్లు మీరే తాగుతారు కదా. బొర్రా దగ్గర పారేసిన చెత్త గోస్తనిలోనే పడుతుంది, అదే నీరు కింద తాటిపూడి రిజర్వాయరుకి వెళ్తుంది, అక్కడి నుంచి విశాఖలో కుళాయికి. నా బండి ఎక్కినవాళ్లకి నేను ఆవు కథ చెప్పి వెంటనే ఈ కుళాయి సంగతి చెప్తాను. సీసా బయటికి విసిరేవాడు ఆగిపోతాడు. కథకి ఆ బలం ఉంది మాస్టారూ, మీరన్నది నిజం.

బొంగు చికెన్ గురించి ఒక జాగ్రత్త. ప్రతి సీజనుకీ వెదురు దూరం అయిపోతోంది. లేత పచ్చి బొంగే కావాలి, ఒకసారి వాడింది మళ్లీ పనికిరాదు. పొదకి ఎన్ని కొట్టాలో ఊరే ఒక లెక్క పెట్టుకోవాలి. లేకపోతే నాలుగేళ్లలో వెదురు కొమ్ముల కూర కూడా ఉండదు.


హైదరాబాద్_నడక:

టూరిస్టు వైపు నుంచి ఒక మాట. పోయిన డిసెంబరులో స్నేహితులతో వంజంగి వచ్చాను. మేఘాలు చూసినప్పుడు మాట రాలేదు, కానీ దిగుతూ చెత్త చూసి చాలా బాధపడ్డాం, ఒక సంచి నింపుకుని కిందికి తెచ్చాం, పడేయడానికి డబ్బా కూడా కనబడలేదు. ఆ కొండ పేరుకి అర్థం ఏంటి, అక్కడ ఎవరు ఉంటారు, ఏం పండిస్తారు, ఇవేవీ మాకు చెప్పే మనిషి లేడు. మేం అయిదుగురం తలా మూడొందలు సంతోషంగా ఇచ్చేవాళ్లం, తెల్లవారుజామున మమ్మల్ని నడిపించి చలిలో ఇన్ని మాటలు చెప్పి తర్వాత ఒక ఇంట్లో చోడి (రాగి) అంబలో కాఫీనో ఇచ్చి ఉంటే. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని చదివి వచ్చాం, తాగింది మాత్రం పాకెట్ ఇన్‌స్టంట్ పొడి. మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ కింద ఆ కాఫీ మొక్కని చూపించి, పండు నమిలించి, అక్కడే కాచి ఇచ్చినా చాలు.

దేవత చోటు చూపించకపోతే మేం ఏమీ కోల్పోం. 'ఇక్కడి నుంచి మీరు రాకూడదు' అని ఊరివాళ్లు చెప్తే ఆ చోటు మీద గౌరవం పెరుగుతుంది నాకైతే.


షిల్లాంగ్_కోడలు:

మాది శ్రీకాకుళం, మావారి బ్యాంకు ఉద్యోగం వల్ల నాలుగేళ్లుగా షిల్లాంగ్‌లో ఉంటున్నాం. వేరే చోట్ల ఎలా జరిగిందని అడిగావు కాబట్టి రాస్తున్నాను తమ్ముడూ.

ఇక్కడికి దగ్గరలో మావ్‌ఫ్లాంగ్ అని ఊరు, దాని పక్కన ఖాసీ తెగవాళ్ల పవిత్ర వనం. వందల ఏళ్ల చెట్లు, నాచు పట్టిన రాళ్లు, ఒకప్పుడు పూజలు చేసిన చోట్లు. నియమం ఒక్కటే, లోపలి నుంచి ఏదీ బయటికి తీసుకెళ్లకూడదు, ఎండుటాకు కూడా. ఆ ఊరి కుర్రాళ్లే గైడ్లు, వాళ్లు లేకుండా వెళ్లరు. రేటు బోర్డు మీద ఉంటుంది, తక్కువ దూరం ఒక రేటు, ఎక్కువ దూరం ఒక రేటు. మాకు వచ్చిన అబ్బాయి ఇరవై ఏళ్లవాడు, ఏ రాయి దగ్గర ఏం జరిగేదో చెప్పాడు, వనాన్ని కాపాడే దేవత పులి రూపంలో వస్తే మంచిది, పాము రూపంలో వస్తే చెడు అని చెప్పాడు. ఒక చోట ఆగి, ఇంతకు మించి మేం చెప్పం అన్నాడు. మా పాప ఎందుకు అని అడిగితే, మా ఇంట్లో కూడా నాకు అంతే చెప్పారు అన్నాడు. అక్కడ మెట్లు లేవు, లైట్లు లేవు. వనం బయట మైదానంలోనే టీ కొట్లు, పార్కింగు, అంతా.

కాంగ్‌థాంగ్ అని ఇంకో ఊరు ఉంది. అక్కడ ప్రతి తల్లీ తన బిడ్డకి ఒక రాగం కడుతుంది, పేరుతో కాదు ఆ రాగంతో పిలుస్తుంది. ఒకరి రాగం ఇంకొకరికి ఉండదు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల కోసం మన దేశం పంపిన మూడు పేర్లలో అదొకటి, మన పోచంపల్లి ఇంకొకటి. గుర్తింపు పోచంపల్లికి వచ్చింది, తెలుగువాళ్లం ఇక్కడ స్వీట్లు పంచుకున్నాం. పోచంపల్లిలో చూపించేది చేతిపని. మగ్గం దగ్గర కూర్చోబెట్టి చూపించొచ్చు, చీర కొనుక్కుని వెళ్లొచ్చు. కాంగ్‌థాంగ్‌లో ఉన్నది తల్లి పిలుపు. మేం వెళ్లినప్పుడు ఒకావిడని పాడి వినిపించమని అడగబోయి ఆగాను, నా నోరు రాలేదు. సాయంత్రం ఆవిడే పొలంలో ఉన్న కొడుకుని అన్నానికి పిలిచింది, అప్పుడు విన్నాం. ఆ ఊళ్లో ఒక రాత్రి ఉన్నాం కాబట్టి విన్నాం. గంటలో ఫోటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి అది వినబడదు. నాకు అనిపించేది ఏంటంటే, మీ ఊళ్లో కూడా తక్కువమంది, ఎక్కువసేపు ఉండేలా చూసుకోండి. రాత్రి ఉన్నవాళ్లకి మీరు ఏమీ ప్రదర్శించక్కర్లేదు.

ఇక్కడ కూడా అన్నీ బాగున్నాయని కాదు. సీజనులో షిల్లాంగ్, సోహ్రా (చిరపుంజి) రోడ్లు కార్లతో నిండిపోతాయి, జలపాతాల దగ్గర ప్లాస్టిక్ ఉంది. ఊరు గట్టిగా నిలబడిన చోటే శుభ్రంగా ఉంది, అంతే తేడా.


అరకు_జీపు:

అమ్మా, ఆ గైడు డబ్బు ఆ అబ్బాయికే వెళ్తుందా, ఊరికా?


షిల్లాంగ్_కోడలు:

కొంత అబ్బాయికి, కొంత ఊరి సంఘానికి అని అతనే చెప్పాడు అన్నా. వంతులవారీగా వెళ్తారట, ఒకరికే రోజూ రాకుండా.


మన్యం_కుర్రాడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, ఇక్కడ రెండు రోజులు సిగ్నల్ లేదు.

నిన్న కూర్చున్నాం. ఊళ్లో కబురు చాటే బారికి, ముందు రోజు సాయంత్రమే వీధంతా తిరిగి కేకేసి చెప్పాడు, పనులు మానుకుని దాదాపు అందరూ వచ్చారు. లా పాయింటు అన్న రాసింది మొత్తం చదివి వినిపించాను. లీజు కూడా చెల్లదు అన్న దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు అప్పటికే అడ్వాన్సు కింద అయిదేసి వేలు తీసుకున్నారని అప్పుడు బయటపడింది. వాళ్లని ఎవరూ తిట్టలేదు, ఒకాయన కొడుకు ఆసుపత్రి ఖర్చుకి తీసుకున్నాడు. ఊరి డబ్బులోంచి తిరిగి ఇచ్చేసి కాగితం వెనక్కి తీసుకోవాలని అనుకున్నాం.

కుర్రాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. 'మరి మాకు పని ఎక్కడిది' అని నిలదీశారు, వాళ్లు అడిగింది న్యాయమే. జీపు అన్న చెప్పినట్టు ఊరి మొదట్లో వెదురు అడ్డం కట్టి, బండికి పార్కింగు, మనిషికి నడక రుసుము, వంతులవారీగా ఎనిమిది మంది గైడ్లు అని తేల్చాం. శనివారం రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా బళ్లు లోపలికి రాకూడదు. ఎంత తీసుకోవాలన్న దగ్గర గొడవ ఇంకా తెగలేదు, యాభై అని కొందరు, వంద అని కొందరు. నాలుగు ఇళ్లలో ఒక్కో గది ఇవ్వడానికి ఒప్పుకున్నారు, మాది ఒకటి. థింసా వారానికి ఒక్క రోజే, ఏవి ఆడాలో ఆడవాళ్లే చెప్తారు, మగవాళ్లం ఆ మాటలో వేలు పెట్టం.

దేవత చోటు సంగతి ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. తీర్మానంలో రెండు లైన్లు రాశాం, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. గట్టు దిగే దగ్గర, ఆ వైపు తిరిగే మలుపులో ముళ్లకంప వేస్తాం, పక్కన మనిషి ఉంటాడు.

రాత్రి మా మామ్మని అడిగాను, వచ్చేవాళ్లకి ఏమైనా చెప్తావా అని. చేపల యుద్ధం కథ చెప్తాను అంది. తన చిన్నప్పుడు మత్స్యగుండం జాతరకి నడిచి వెళ్లినప్పుడు వాళ్ల నాన్న చెప్పాడట. వీడియో తీస్తే పర్లేదా అంటే, తియ్యనీ గానీ ఎదురుగా కూర్చుని తియ్యమను, నిలబడి కాదు అంది. ఇంకా, వాళ్లు సామ అన్నం తింటారా, వరి అన్నమే కావాలా అని అడిగింది. హైదరాబాద్ అన్నా, దీనికి మీరే జవాబు చెప్పాలి.

మరుగుదొడ్ల గుంతలు ఆదివారం మొదలుపెడుతున్నాం, గెడ్డకి దూరంగా, బడి వెనకాల వాలులో. అక్కడ లోపల బండ ఉంటుందని మా చిన్నాన్న అంటున్నాడు. తగిలితే మళ్లీ వచ్చి అడుగుతాను.